చట్టానికి అర్థం చెప్పాల్సింది రాజా, కోర్టా? ఒక నీటి మర కథ

శివారు_రైతు | సోమవారం, రాత్రి 8:10

అందరికీ నమస్కారం అండి. మాది మొగల్తూరు వైపు, కాలవ చిట్టచివర. సొంతం రెండెకరాల ముప్పై సెంట్లు, కౌలుకి ఇంకో మూడెకరాలు చేస్తాను. మా పైన చేపల చెరువులు తవ్విన దగ్గర్నుంచి మా బోదెకి నీళ్ళు సరిగ్గా అందట్లేదు. వంతు మాదాకా వచ్చేసరికి మడమ తడిస్తే గొప్ప. మొన్న దాళ్వాలో చేను పొట్ట మీద ఉండగా నెర్రెలు విచ్చింది. ఒక నెర్రెలో చెయ్యి పెడితే మణికట్టు దాటి దిగింది. చెయ్యి బయటికి తీసి గట్టు మీద చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

దావా వేసి నాలుగేళ్ళయింది. వాయిదాకి వెళ్ళడం, మళ్ళీ తారీఖు రాయించుకుని రావడం. మొన్న టీ కొట్టు దగ్గర మా పెదనాన్నగారి అబ్బాయి అన్నాడు, "రాజుల కాలమే నయం రా, అర్జీ పెట్టుకుంటే ఒక్క పూటలో తేల్చేసేవాడు" అని. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది.

మా అమ్మాయి లా చదువుతోంది. ఇంటికొచ్చి ఈ మాట చెబితే, "నాన్నా, అచ్చం నీలాంటి కేసునే ఒక రాజు ఒక్క పూటలో తేల్చాడు, విను" అని చెప్పింది. జర్మనీ దేశం ఒకటి కాకముందు ప్రష్యా అని ఒక రాజ్యం. రాజు రెండో ఫ్రెడరిక్. ఆర్నాల్డ్ అని ఒకాయనకి వాగు మీద నీటి మర ఉంది. పై భూస్వామి అదే వాగు నీళ్ళు మళ్ళించి చేపల చెరువు తవ్వాడు. పెంచిన చేపలేంటో తెలుసా అండి, మన బంగారుతీగ జాతే. నీళ్ళు చాలక మర సరిగ్గా తిరగలేదు, ఆర్నాల్డ్ కౌలు కట్టలేకపోయాడు, మరని వేలం వేసేశారు. కింది కోర్టులో ఓడాడు, బెర్లిన్ పెద్ద కోర్టులోనూ ఓడాడు. రాజుకి అర్జీ పెట్టుకున్నాడు. రాజు జడ్జీలని పిలిపించి, తిట్టి, జైల్లో వేయించాడు. 1779లో.

వింటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి అండి. ఇన్నాళ్ళకి ఒకడు అడిగాడు అనిపించింది. మా అమ్మాయేమో "కానీ రాజు చేసింది తప్పు నాన్నా" అంటుంది. ఎందుకు తప్పు? పెద్ద చదువులు చదివినవాళ్ళు ఉన్నారు కదా ఇక్కడ, కాస్త చెప్పండి.

తణుకు_తమ్ముడు | సోమవారం, రాత్రి 8:31

తప్పేంటండి అందులో! నూటికి నూరుపాళ్ళు రైట్. చట్టం పుస్తకాలు పట్టుకుని పేదవాడి పొట్ట కొడితే రాజు చూస్తూ ఊరుకోవాలా? బాబాయ్ గారూ, మీ అమ్మాయికి చెప్పండి, ఆ రాజు చేసింది న్యాయం. న్యాయం వేరు, చట్టం వేరు.

గోదారి_ప్లీడరు (రాజమండ్రి) | సోమవారం, రాత్రి 10:05

రైతుగారూ, మీ అమ్మాయికి నా ఆశీస్సులు. ముప్పై ఏళ్ళుగా నల్లకోటు వేసుకుంటున్నాను, ఈ కేసు నాకు కంటిమీద కునుకు లేకుండా చేసిన సందర్భాలున్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తాను, ఓపిక చేసుకోండి.

ముందు ఒక చిక్కు చూడండి. వాగు నీళ్ళు మళ్ళించింది గెర్స్‌డోర్ఫ్ అనే భూస్వామి. ఆర్నాల్డ్ కౌలు కట్టాల్సింది ష్మెట్టౌ అనే వేరే ప్రభువుకి. ఇద్దరూ వేరు వేరు మనుషులు. కౌలు బాకీ దావాలో ముద్దాయి "నా నీళ్ళు ఇంకొకడు పట్టుకుపోయాడు" అంటే, ఆ ఇంకొకడి మీద దావా వేసుకో నాయనా అనే ఏ కోర్టయినా అంటుంది. మీ భూమి యజమానికి మీరు మక్తా కట్టాలి, పై చెరువు ఆయన వల్ల పంట పోయిందనుకోండి. యజమాని ఊరుకుంటాడా? మనసున్నవాడైతే తగ్గిస్తాడు. దావాలో మాత్రం అది వేరే లెక్క. ఆ జడ్జీలు రాసింది ఇంచుమించు ఇదే. వాళ్ళు లంచం తిన్నారని గానీ, జమీందార్లకి భయపడ్డారని గానీ తర్వాత ఎవరూ రుజువు చేయలేదు.

రాజుగారు ఏం చేశారంటే, విచారణకి ఒక కల్నల్‌ని పంపారు. ఆయన ఆర్నాల్డ్ పక్షాన రిపోర్టు ఇచ్చాడు. రాజు అదే నమ్మారు. 1779 డిసెంబరు 11న న్యాయశాఖకి పెద్ద అయిన చాన్సలర్‌నీ, ముగ్గురు జడ్జీలనీ పిలిపించారు. అప్పటికి రాజుకి కీళ్ళ వాతం, కదల్లేని స్థితి. కూర్చున్నచోటి నుంచే కేకలు. చాన్సలర్ ఏదో చెప్పబోతే, నీ స్థానంలోకి వేరొకణ్ణి ఎప్పుడో పెట్టేశాను, పో అన్నారు. జడ్జీలని నించోబెట్టి, ఇది నా పేరు మీద ఇచ్చిన తీర్పా అని అడిగి, అక్కణ్ణుంచి అటే జైలుకి పంపించారు. అన్యాయం చేసే కోర్టు దొంగల ముఠా కన్నా ప్రమాదం అన్నారు. రైతైనా, బిచ్చగాడైనా రాజులాగే మనిషే అని కూడా అన్నారు. ఆ మాటలు పత్రికల్లో అచ్చు వేయించారు.

చాలా గొప్ప మాటలు. నేను కాదనను. కానీ తమ్ముడూ, ఆ గదిలో రెండో పక్షం లేదు. గెర్స్‌డోర్ఫ్ లేడు, ష్మెట్టౌ లేడు, వాళ్ళ తరఫున మాట్లాడేవాడు లేడు. తీర్పు ఎందుకలా ఇచ్చామో చెప్పుకునే అవకాశం జడ్జీలకి లేదు. తర్వాత ఆ జడ్జీలకి శిక్ష వెయ్యమని రాజు తన న్యాయమంత్రి జెడ్లిట్జ్‌కి చెబితే, ఆయన వెయ్యనన్నాడు. ఆ జడ్జీల మీద విచారణ జరిపిన తోటి జడ్జీలు తప్పేమీ కనపడలేదన్నారు. చివరికి 1780 జనవరిలో రాజే స్వయంగా శిక్ష రాసుకున్నాడు. ఒక ఏడాది కోటలో ఖైదు, ఆర్నాల్డ్ నష్టం వాళ్ళ జేబులోంచి.

1786లో ఫ్రెడరిక్ పోయాక, వెంటనే వచ్చిన రాజు కేసు తిరగదోడించి, జడ్జీలది తప్పు కాదని తేల్పించి, వాళ్ళు కట్టిన డబ్బు ఖజానా నుంచి తిరిగి ఇప్పించాడు.

పాలకొల్లు_టు_దుబాయ్ | సోమవారం, రాత్రి 11:20

ప్లీడరు గారూ, ఒక డౌటు. ఇదే రాజు మీద ఒక మర యజమాని గెలిచాడని చిన్నప్పుడు ఎక్కడో చదివాను. మర చప్పుడు రాజుకి నిద్ర పాడుచేస్తోందని అమ్మేయమంటే, "బెర్లిన్‌లో కోర్టు ఉంది దొరా" అన్నాడని. అది ఇదేనా?

లాకులవీధి_మాస్టారు (ధవళేశ్వరం) | మంగళవారం, ఉదయం 6:15

కాదు బాబూ. అది పోట్స్‌డామ్‌లో రాజభవనం పక్కనున్న గాలిమర. మర నిజంగా ఉంది, ఆ సంభాషణ మాత్రం జనం కట్టుకున్న కథ. ఆర్నాల్డ్‌ది నీటిమర, అది నిజంగా జరిగిన కేసు. రెండూ ఒకే రాజు చుట్టూ తిరుగుతాయి కాబట్టి కలిసిపోయాయి. ఒక కథలో రాజు కోర్టుకి తలవంచాడు, నిజంలో కోర్టుని ఖైదు చేశాడు.

నేను ముప్పై నాలుగేళ్ళు చరిత్ర చెప్పినవాణ్ణి. ఈ గొడవకి అసలు పునాది ఇంగ్లండులో పడింది. అది చెప్పకపోతే చర్చ కుంటిది అవుతుంది.

1607 నవంబరు. రాజు మొదటి జేమ్స్. చర్చి కోర్టులకీ మామూలు కోర్టులకీ ఏ కేసు ఎవరిదని తగాదా. ఆర్చిబిషప్ రాజుకి నూరిపోశాడు, జడ్జీలు మీ ప్రతినిధులే కదా, మీకు నచ్చిన కేసు మీరే తీసుకుని తీర్పు చెప్పొచ్చు అని. చీఫ్ జస్టిస్ ఎడ్వర్డ్ కోక్ కుదరదన్నాడు. రాజుకి కోపం వచ్చింది. చట్టం తర్కం మీద నిలబడేదే కదా, ఆ తర్కం మీకే ఉందా, నాకు లేదా అన్నాడు. దానికి కోక్ ఇచ్చిన జవాబు నా విద్యార్థులకి ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి. దేవుడు మీకు గొప్ప తెలివినిచ్చాడు ప్రభూ, కానీ జనం ప్రాణాలు, ఆస్తులు, వారసత్వాలు పుట్టుకతో వచ్చిన తెలివితో తేలవు, చట్టాన్ని ఏళ్ళ తరబడి చదివి, వాడి, అరగదీసిన తెలివితో తేలాలి అని. అయితే నేను చట్టం కింద ఉన్నానంటావా, అది రాజద్రోహం అన్నాడు జేమ్స్. రాజు ఏ మనిషి కిందా ఉండడు, దేవుడి కింద, చట్టం కింద ఉంటాడు అని పాత న్యాయవేత్త బ్రాక్టన్ మాట ఎత్తి చెప్పాడు కోక్.

ఇక్కడ నేను నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. పైదంతా కోక్ స్వయంగా రాసుకున్నది, ఆయన పోయాక అచ్చయింది. ఆ రోజుల్లో రాసిన ఒక ఉత్తరంలో మాత్రం రాజు కోపం చూసి కోక్ సాష్టాంగపడి క్షమించమన్నాడని ఉంది. నాకు ఆయన మీద గౌరవం తగ్గలేదు, పెరిగింది. మోకాళ్ళు వణికిన మనిషి 1610లో మళ్ళీ నిలబడ్డాడు. రాజు ఒట్టి ప్రకటనలతో కొత్త నేరాలు పుట్టిస్తున్నాడు. లండన్ చుట్టుపక్కల కొత్త ఇళ్ళు కట్టకూడదు, గోధుమ నుంచి గంజిపిండి తియ్యకూడదు, ఇలాంటివి. అంతకుముందు నేరం కానిదాన్ని రాజు ప్రకటనతో నేరం చెయ్యలేడు, దేశ చట్టం ఇచ్చిన అధికారం తప్ప రాజుకి వేరే అధికారం లేదు అని జడ్జీలు తేల్చారు.

1616లో ఇంకో కేసు ఆపమని రాజు ఆజ్ఞ. పన్నెండు మంది జడ్జీలూ ఆపం అని ఉత్తరం రాశారు. రాజు పిలిపించాడు. పన్నెండు మందీ మోకాళ్ళ మీద పడ్డారు. ఇకముందు నేను ఆపమంటే ఆపుతారా అని అడిగాడు. పదకొండు మంది సరే అన్నారు. కోక్ ఒక్కడే, ఆ సమయం వచ్చినప్పుడు ఒక జడ్జి చెయ్యాల్సింది చేస్తాను అన్నాడు. అదే ఏడు నవంబరులో ఉద్యోగం ఊడింది.

తణుకు_తమ్ముడు | మంగళవారం, ఉదయం 9:02

మాస్టారు గారూ, మీరే చెప్పారు, పన్నెండు మందిలో పదకొండు మంది లొంగిపోయారు. మరి ఆ కోర్టుని నమ్ముకుని రైతు ఏం చెయ్యాలి? రాజు తిడితే వంగే జడ్జి, డబ్బున్నోడు చూస్తే వంగడా?

లాకులవీధి_మాస్టారు | మంగళవారం, ఉదయం 9:40

మంచి ప్రశ్న. ఇంకా నీ పక్షానికి బలం చేకూర్చే సంగతి చెబుతాను. జేమ్స్ కొడుకు ఛార్లెస్ పార్లమెంటుని అడక్కుండా ఓడల పన్ను వేశాడు. హాంప్‌డెన్ అనే ఆయన కట్టనంటే 1637లో అది కోర్టుకెక్కింది. పన్నెండు మంది జడ్జీల్లో ఏడుగురు రాజు పక్షం. చట్టానికి అర్థం చెప్పాల్సినవాళ్ళే రాజుకి కావలసిన అర్థం చెప్పిపెట్టారు. కాబట్టి కోర్టు అనగానే దేవాలయం అనుకోవడం నాకూ ఇష్టం లేదు.

గోదారి_ప్లీడరు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

లంచ్ టైములో రాస్తున్నాను. కిటుకంతా ఉద్యోగంలో ఉంది తమ్ముడూ. ఆ పదకొండు మంది ఎందుకు వంగారు? వాళ్ళ ఉద్యోగాలు "రాజుగారికి ఇష్టం ఉన్నంతకాలం". కోక్‌ని తీసేయడానికి రాజు ఒక కాగితం రాస్తే సరిపోయింది. 1701లో పార్లమెంటు చట్టం చేసింది, జడ్జీ నడవడి సరిగ్గా ఉన్నంతకాలం ఉద్యోగం ఉంటుంది, తీసెయ్యాలంటే పార్లమెంటు ఉభయ సభలూ అడగాలి అని. ఆ వాక్యం రాయడానికి ఒక రాజు తల తెగింది, ఇంకో రాజు పారిపోయాడు, మధ్యలో అంతర్యుద్ధం నడిచింది. మన రాజ్యాంగంలో సుప్రీంకోర్టు, హైకోర్టు జడ్జీలని తియ్యడానికి పార్లమెంటులో అంత పెద్ద మెజారిటీ కావాలని పెట్టింది ఆ అనుభవంతోనే.

అయినా నీ కోపంలో ఒక భాగం నేను ఒప్పుకుంటాను. నాలుగేళ్ళ వాయిదాలు ఉంటే ఎవరికైనా రాజు మీదకే మనసు పోతుంది. అందులో మా వకీళ్ళ పాపం కూడా ఉంది.

అమలాపురం_టీచరమ్మ | మంగళవారం, సాయంత్రం 5:20

నమస్కారం. నేను తెలుగు పండితురాలిగా పనిచేసి రిటైరయ్యాను. అందరూ ఇంగ్లండు, జర్మనీ అంటున్నారు. మన దగ్గర ఈ తర్కం లేదా? ఉంది, చాలా లోతుగా ఉంది.

యాజ్ఞవల్క్య స్మృతిలో వ్యవహారాధ్యాయం మొదటి శ్లోకమే రాజుకి గీత గీసింది. రాజు వ్యవహారాలు, అంటే తగాదాలు, చూడాలి, కానీ ఒక్కడే కాదు, విద్వాంసులతో కలిసి చూడాలి. తన ఇష్టం వచ్చినట్టు కాదు, ధర్మశాస్త్రం ప్రకారం చూడాలి. క్రోధం, లోభం విడిచిపెట్టి చూడాలి. ఫ్రెడరిక్ ఆ రోజు ఈ మూడింటిలో రెండు తప్పాడు కదా! క్రోధం ఉంది, పక్కన విద్వాంసులు లేరు, ఉన్నవాళ్ళని జైలుకి పంపాడు. లోభం మాత్రం లేదు, అది ఒప్పుకోవాలి.

సభ్యులు ఎలాంటివాళ్ళు కావాలంటే, శత్రువు దగ్గరా మిత్రుడి దగ్గరా సమంగా ఉండేవాళ్ళు అని ఆ వెంటనే ఉంది. రాగం వల్ల గానీ, లోభం వల్ల గానీ, భయం వల్ల గానీ శాస్త్రం తప్పి తీర్పు చెబితే, ఆ వివాదంలో ఓడినవాడికి పడే జుర్మానాకి రెట్టింపు, అదీ ఒక్కొక్కరికీ విడివిడిగా. ఆ "భయం" అనే మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఎవరి భయం? సభలో పెద్దవాడు రాజే కదా. మాస్టారు గారు చెప్పిన ఆ పదకొండు మందీ ఈ శ్లోకం కిందికే వస్తారు.

ఈ స్మృతి మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యనే 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ధర్మశాస్త్రాన్ని సంస్కృతం రానివాడి చెవిన పడేలా చేశాడు. ఆ పని చిన్నది కాదు.

రెండో పక్షమూ మన దగ్గరే ఉంది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో వివాదానికి నాలుగు పాదాలు చెప్పాడు. ధర్మం, వ్యవహారం, చరిత్ర (అంటే ఆచారం), రాజశాసనం. వీటిలో తర్వాతది ముందుదాన్ని కొట్టేస్తుంది అన్నాడు. అంటే అన్నిటికన్నా పైన రాజశాసనం. జేమ్స్ రాజు ఈ శ్లోకం చదివి ఉంటే పటం కట్టించుకునేవాడు. ఒకే నేల మీద యాజ్ఞవల్క్యుడూ ఉన్నాడు, కౌటిల్యుడూ ఉన్నాడు.

ఇంకొక్క మాట. స్మృతి చెప్పిన ఆ సభలో కూర్చునేది ఒక్క వర్ణం వాళ్ళే. మర ఆడించుకునేవాడికీ, పొలం దున్నేవాడికీ అందులో పీట లేదు. దాన్ని దాచిపెట్టి పొగడడం నాకు చేతకాదు.

పాలకొల్లు_టు_దుబాయ్ | మంగళవారం, సాయంత్రం 6:05

టీచరమ్మ గారూ, మీ పాదాలకి నమస్కారం. మా హైస్కూల్లో ఇలా చెప్పి ఉంటే నేను తెలుగు వదిలేవాణ్ణి కాదు.

కాకినాడ_పుస్తకం | మంగళవారం, రాత్రి 9:15

రాజుదే తప్పు, కోర్టుదే ఒప్పు అన్నట్టు చర్చ వాలిపోతోంది. నేను ఫ్రాన్సు సంగతి చెప్పి కాస్త అడ్డుపడతాను.

అక్కడ పార్లమాఁ అంటే పార్లమెంటు కాదు, హైకోర్టు. పారిస్‌ది అన్నిటికన్నా పెద్దది. రాజు కొత్త చట్టం చేస్తే ఆ కోర్టు రిజిస్టరులో ఎక్కించాలి. నచ్చకపోతే ఎక్కించకుండా అభ్యంతరాలు రాసి పంపుతుంది. రాజుకి చిర్రెత్తితే స్వయంగా కోర్టుకి వచ్చి పీఠం మీద కూర్చుని బలవంతంగా ఎక్కిస్తాడు. 1766లో పదిహేనో లూయీ కోర్టుకొచ్చి సార్వభౌమాధికారమంతా నా ఒక్కడి శరీరంలోనే ఉంది అని దులిపేశాడు. 1771లో ఆ జడ్జీలని పారిస్ నుంచే వెళ్ళగొట్టించాడు. పదహారో లూయీ వచ్చి 1774లో మళ్ళీ పిలిపించాడు.

ఇంతవరకూ కోర్టు పాపం అనిపిస్తుంది. కానీ 1776లో ఏమైందో చూడండి. మంత్రి ట్యుర్గో రైతుల చేత రోడ్లకి చేయించే వెట్టిచాకిరీ ఎత్తేద్దాం, బదులుగా భూస్వాములు పన్ను కట్టాలి అన్నాడు. అడ్డుపడింది ఎవరు? ఈ కోర్టే! ఆ జడ్జీలు తమ పదవులు కొనుక్కున్నవాళ్ళు, భూములున్న దొరలు. పుట్టుకని బట్టి ఉన్న తేడాలే రాజ్యానికి పునాది అని వాదించారు. రాజే వచ్చి బలవంతంగా ఎక్కించాల్సి వచ్చింది. రైతు వైపు నించి చూస్తే ఆ రోజు రాజుదే న్యాయం.

మళ్ళీ అదే రాజు 1787 నవంబరులో అప్పుల కోసం వచ్చినప్పుడు, ఇది చట్టవిరుద్ధం అని బంధువైన ఓర్లియాన్ ప్రభువు లేచి అంటే, "నేను కావాలనుకుంటున్నాను కాబట్టి ఇది చట్టబద్ధమే" అన్నాడు. ఆ మాట అన్న రెండేళ్ళలోపే విప్లవం.

కోర్టులో కూర్చున్నది ఎవరు, వాళ్ళ పొలాలు ఎక్కడున్నాయి అన్నది అడక్కుండా "కోర్టు" అని గౌరవించడం నా వల్ల కాదు.

తణుకు_తమ్ముడు | మంగళవారం, రాత్రి 9:22

ఇదే, ఇదే నేను చెప్పేది! కాకినాడ అన్నా, దండం. ఇప్పటికీ అంతే కదా, మొన్న మన దగ్గర ఒక పార్టీ…

మోడరేటర్ | మంగళవారం, రాత్రి 9:50

పై పోస్టులో కొన్ని వాక్యాలు తీసేశాం. ఇప్పటి పార్టీల గొడవ ఇక్కడ వద్దు. చర్చ చాలా బాగా నడుస్తోంది, అలాగే కొనసాగించండి.

శివారు_రైతు | బుధవారం, ఉదయం 5:30

చేలోకి వెళ్ళే ముందు చదివాను. ఫ్రాన్సు రైతు సంగతి నాకు బాగా తగిలింది. ప్లీడరు గారు చెప్పిన రెండో పక్షం మాట కూడా తగిలింది. నేనొకటి అడుగుతాను. రాజూ తప్పు చెయ్యొచ్చు, కోర్టూ తప్పు చెయ్యొచ్చు అన్నప్పుడు, కోర్టే ఎందుకు నయం? నాకు అర్థమయ్యేలా చెప్పండి అండి.

గోదారి_ప్లీడరు | బుధవారం, ఉదయం 8:10

నాకు తెలిసినంతలో చెబుతాను. కోర్టు తప్పు చేస్తే ఆ తప్పు కాగితం మీద ఉంటుంది. ఎందుకలా అన్నాడో జడ్జి రాయాలి. ఆ కారణాలు పట్టుకుని మీరు పైకి వెళ్ళొచ్చు. మీ ఎదుటివాడు ఏమన్నాడో మీకు తెలుస్తుంది, మీరేమన్నారో వాడికి తెలుస్తుంది. మంచి మనసు ఉన్న రాజు దగ్గర ఇవేవీ ఉండవు. ఫ్రెడరిక్ ఆర్నాల్డ్‌ని చూసి జాలిపడ్డాడు. ఆ కల్నల్ ఇంకోలా రిపోర్టు రాసి ఉంటే? ఆర్నాల్డ్ ఎక్కడికి పోయి ఎవరికి చెప్పుకోవాలి? రాజు పైన ఎవరున్నారు?

మనకి దగ్గర్లో జరిగిన ముచ్చట చెబుతాను. హైదరాబాదు నిజాం ఫర్మానా ఇస్తే అదే చట్టం. ఒక నవాబు గారి ఆస్తి వారసత్వం తగాదా అలా ఫర్మానాల మీదే నడిచింది. ఆ కేసు 1955లో సుప్రీంకోర్టుకి వచ్చినప్పుడు, నిజాంకి అడ్డూ ఆపూ లేని అధికారం ఉండేది, చట్టం చేసేదీ ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే, అమలు చేసేదీ ఆయనే, కాబట్టి ఆయన ఫర్మానా చట్టమే అని కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఒకే మనిషిలో మూడూ ఉంటే, ఆయన ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి అన్నా రెండూ చట్టమే.

లాకులవీధి_మాస్టారు | బుధవారం, ఉదయం 10:45

మన జిల్లా వాసన కూడా కాస్త తగిలిద్దాం. పిఠాపురం జమీందారీ వారసత్వం కేసు మద్రాసు దాటి లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది, అప్పట్లో మన కేసులకి చివరి మెట్టు అదే. ముక్కలు చెయ్యకూడని జమీందారీని కూడా యజమాని వీలునామా రాసి ఇచ్చుకోవచ్చని 1899లో అక్కడ తేలింది. టీచరమ్మ గారి మితాక్షర మీదే ఆ వాదనలన్నీ. చిత్రమేంటంటే, ప్రివీ కౌన్సిల్ తీర్పు రూపంలో తీర్పు కాదు. ఈ కేసులో ఇలా చెయ్యండి అని రాణిగారికి వినయంగా ఇచ్చే సలహా. రాణి పేరు మీద ఆజ్ఞ వస్తుంది, అర్థం చెప్పేది మాత్రం న్యాయవేత్తలే. జేమ్స్ కోపానికీ, ఆ కేసుకీ మధ్య రెండున్నర శతాబ్దాల పైన నడక ఉంది.

రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారిని మరిచిపోకూడదు. ఆంధ్ర హైకోర్టు మొదటి చీఫ్ జస్టిస్, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి. 1967లో గోలక్‌నాథ్ కేసులో పదకొండు మంది జడ్జీల్లో ఆరుగురు ఒక పక్షం, వాళ్ళలో తనతో కలిపి ఐదుగురి తరఫున ఆయన తీర్పు రాశాడు, ప్రాథమిక హక్కులని పార్లమెంటు కూడా కత్తిరించలేదు అని. అందులో ఆయన చెప్పింది తర్వాత 1973లో మరో బెంచి మార్చింది, అది వేరే చర్చ. కానీ మన గోదారి గట్టు మీద పుట్టినవాడు పార్లమెంటుతో అంతమాట అన్నాడని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే.

గోలక్‌నాథ్ తీర్పు వచ్చిన మూడేళ్ళకి ఇంకో మలుపు. రాజుల గుర్తింపు రద్దు చేస్తూ 1970లో రాష్ట్రపతి ఉత్తర్వు ఇస్తే, మాజీ రాజులే సుప్రీంకోర్టు మెట్లెక్కి కొట్టేయించుకున్నారు. మరుసటి ఏడు రాజ్యాంగ సవరణతో వాళ్ళ భరణాలు పోయాయి, అది పద్ధతి ప్రకారం జరిగిన పని. ఒకప్పుడు తామే తీర్పు చెప్పిన వంశాలవాళ్ళు, అధికారం పోయాక తలదాచుకోవడానికి వెతుక్కున్నది కోర్టునే.

పాలకొల్లు_టు_దుబాయ్ | బుధవారం, మధ్యాహ్నం 3:00

నేపాల్ కూడా చెప్పాలి. నాతో పనిచేసే నేపాలీ మిత్రుడు ఇప్పటికీ ఆ రోజులు చెబుతుంటాడు. 2005 ఫిబ్రవరిలో రాజు జ్ఞానేంద్ర అధికారమంతా చేతిలోకి తీసుకున్నాడు. అవినీతి విచారణకని సొంత కమిషన్ పెట్టాడు. పట్టుకునేదీ వాళ్ళే, విచారించేదీ వాళ్ళే, శిక్ష వేసేదీ వాళ్ళే. మాజీ ప్రధాని దేవ్‌బా జైలుకెళ్ళాడు. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కమిషన్ రాజ్యాంగవిరుద్ధం అని కొట్టేసింది. రాజు సింహాసనం మీద ఉండగానే! దేవ్‌బా విడుదలయ్యాడు. మా మిత్రుడు ఆ వార్త రేడియోలో విన్నప్పుడు వాళ్ళ నాన్న లేచి నిలబడ్డాడట.

తణుకు_తమ్ముడు | బుధవారం, సాయంత్రం 7:40

సరేనండి, రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. రాజు మంచోడైతే అన్న మాట మీదే నా వాదన నిలబడింది, అది ఎవరి చేతిలోనూ ఉండదు. ఒప్పుకుంటున్నాను. కానీ నాలుగేళ్ళు మాత్రం అన్యాయం. అది మాత్రం వెనక్కి తీసుకోను.

అమలాపురం_టీచరమ్మ | బుధవారం, రాత్రి 8:05

తీసుకోవద్దు బాబూ. నాలుగేళ్ళు అన్యాయమే.

శివారు_రైతు | గురువారం, రాత్రి 9:10

ఇవాళ కోర్టుకి వెళ్ళాను. కోర్టు తరఫున ఒక ప్లీడరు గారిని కమిషనర్‌గా వేశారు. వచ్చే మంగళవారం వచ్చి బోదె, తూములు, చెరువుల గట్లు అన్నీ చూసి కొలిచి రిపోర్టు ఇస్తారట. పై చెరువు ఆయన కూడా కోర్టు హాల్లో ఉన్నాడు. ఇన్నాళ్ళూ కళ్ళెత్తి చూడలేదు, ఇవాళ చూశాను. ఆయన చేతిలోనూ నాలాగే ఒక సంచి, అందులో కాగితాలు. నా కడుపుమంట తగ్గిందని చెప్పను. ఆయన చెప్పేది కూడా విని రాయమని మాత్రం అనుకున్నాను.

ప్లీడరు గారూ, మంగళవారానికి నేనేం సిద్ధం చేసుకోవాలి?

గోదారి_ప్లీడరు | గురువారం, రాత్రి 10:00

చాలా మంచి వార్త. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డరు 26 రూలు 9 కింద వేసి ఉంటారు. మీ వకీలు గారితో మాట్లాడి, కమిషనర్ గారికి ఏమేం చూడమని అడగాలో మెమో రాయించండి. వంతుల పట్టిక కాపీ, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకళ్ళు, శిస్తు రసీదులు దగ్గర పెట్టుకోండి. తూము వెడల్పు, బోదె లోతు మీ ఎదుటా, ఆయన ఎదుటా కలిపి కొలవమనండి. మీరు ఒక్కరే వెళ్ళి ముందుగా గట్టు కదపడం లాంటివి పొరపాటున కూడా చెయ్యొద్దు. రిపోర్టు మీకు నచ్చకపోతే అభ్యంతరాలు వేసుకోవచ్చు, కమిషనర్‌ని బోనులో ప్రశ్నించమని కూడా అడగొచ్చు.

శివారు_రైతు | గురువారం, రాత్రి 10:12

అలాగేనండి. బోదెలో ఒక వెదురు కర్ర పాతి, అడుగుకొక గీత గీసి ఉంచాను. రోజూ పొద్దున్నే ఎంత నీరుందో నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. ఇవాళ గీత కింద నాలుగు వేళ్ళు ఉంది. ఆ పుస్తకం కూడా పట్టుకెళ్ళనా?

గోదారి_ప్లీడరు | గురువారం, రాత్రి 10:15

తప్పకుండా పట్టుకెళ్ళండి. తారీఖులు కొట్టేయకుండా, దిద్దకుండా ఉండనివ్వండి.